బయూమీ వెనక సీటు

బయూమీ చనిపోయాక పరామర్శకు వచ్చినవాళ్ళలో సగం మంది నా చెవి దగ్గరకు వంగి ఒకటే మాట అడిగారు: "రోడ్డు మీదేనా?" కాదు, మంచం మీద, శుభ్రమైన దుప్పటి కింద, భార్య చెయ్యి పట్టుకుని పోయాడని చెబితే వాళ్ళ మొహాల్లో కాస్త నిరాశ కనిపించింది. చక్కెర లేని కాఫీ తాగి, "ఆయన మిగిల్చిన ఆయుష్షు నీకు కలవాలి" అనేసి లేచారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మనిషి మంచం మీద పోవడానికి నేను ఎంత యాతన పడ్డానో వీళ్ళకేం తెలుసు.

నా పేరు రుష్దీ. అలెగ్జాండ్రియాలో ట్రాము నడిపి నడిపి ఈమధ్యే రిటైరయ్యాను. ట్రాము బుద్ధిమంతురాలు. ఎటు పోవాలో పట్టాలు చెబుతాయి, ఎక్కడ ఆగాలో స్టాపులు చెబుతాయి, నడిపేవాడు గంట కొట్టుకుంటూ కూర్చుంటే చాలు. పట్టాలు లేని బండంటే నాకు నమ్మకం లేదు. అందులోనూ ఆగితే పక్కకు ఒరిగిపోయే బండంటే అసలే లేదు. అలాంటివాణ్ణి ముప్ఫై ఏళ్ళపాటు ప్రతి శుక్రవారం బయూమీ మోటార్ సైకిలు వెనక సీటు మీద కూర్చున్నాను. ఎందుకంటే స్నేహం అంటాను. మా ఆవిడ దానికి వేరే పేరు పెట్టింది, అది ఇక్కడ రాయను.

బాకోస్ బజారులో బయూమీకి పరుపులూ సీట్లూ కుట్టే దుకాణం ఉండేది. పెళ్ళికి పరుపు కుట్టించుకున్నవాళ్ళు, ఆ పరుపు మీద పుట్టిన పిల్లల పెళ్ళిళ్ళకు మళ్ళీ ఆయన దగ్గరకే వచ్చేవాళ్ళు. భారీ మనిషి. మీసాలకు రంగేసేవాడు. నవ్వితే దూది ఎగిరేది. ఆయనకు లోకంలో మూడంటే ప్రాణం: భార్య ఉమ్ సఫ్వత్, జీలకర్ర దట్టించిన లివర్ సాండ్విచ్, దొర.

దొర అంటే బండి. ఇంగ్లీషు సైన్యం ఓడల కాలవ దగ్గర్నించి మూటాముల్లె సర్దుకుని పోయినప్పుడు పారేసిన ఇనప సామానులోంచి బయూమీ తండ్రి ఏరుకొచ్చిన మోటార్ సైకిలు అది. తెల్లవాళ్ళ బండి కాబట్టి బజారంతా దొర అనే పిలిచేది. "దొర లేచాడా?" "ఇంకా లేదు, పడిశం పట్టింది." ఇలా ఉండేవి పొద్దున్నే పలకరింపులు. దాని నడక కూడా దొర నడకే. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. శుక్రవారం మాతో బండ్లేసుకొచ్చే గుంపులో మిగతా అందరివీ చెక్ దేశపు పాత బండ్లు, వాటికి ఇది తిరగేసి ఉంటుంది. చేపలమ్మే జగ్లూల్ ఒకసారి సరదాపడి దొరని ఎక్కాడు. ఆపుదామని అలవాటు కొద్దీ కుడికాలు తొక్కాడు. బండి ఆగలేదు సరికదా, నానబెట్టిన గింజలమ్మే తోపుడు బండిలోకి నేరుగా పోయింది. కార్నిష్ మీద, అంటే సముద్రం ఒడ్డు రోడ్డు మీద, ఆ రోజు పావురాలకు పండగ. అప్పట్నించీ దొరని బయూమీ తప్ప ఇంకెవరూ ముట్టుకోలేదు.

నా కోసం వెనక సీటు ప్రత్యేకంగా కుట్టాడు. "నీ ఎముకలు నా బండికి గీతలు పెడుతున్నాయిరా" అని గుర్రపు వెంట్రుకలు కూరి, పైన మెత్తటి తోలు వేశాడు. సీటు మెత్తనైంది గాని భయం మెత్తబడలేదు. భయమేస్తే నాకు కుడీ ఎడమా తేలవు. మొదట్లో "కుడి, కుడి" అని అరిచి, ఎడమ చూపించి, ఇద్దర్నీ చంపినంత పని చేశాను. దాంతో మా ఊరివాళ్ళందరూ చేసే పనే మేమూ చేశాం, సముద్రాన్ని పట్టుకున్నాం. అలెగ్జాండ్రియాలో దారి అడిగితే కుడి ఎడమలు ఎవరూ చెప్పరు. సముద్రం వైపా, ఊరి వైపా, అంతే. నేను "నీళ్ళు" అంటే సముద్రం వైపు జరగాలి. "ఊరు" అంటే ఇళ్ళ వైపు. గాలికి మాట వినబడకపోతే ఎటు జరగాలో ఆ భుజం నొక్కేవాణ్ణి. ఆపమనడానికి రెండు భుజాలూ. నొక్కడం అని మర్యాదకి అంటున్నాను, గోళ్ళు దిగేవి. శనివారం పొద్దున ఆ మచ్చలు చూసి ఉమ్ సఫ్వత్ అడిగేదిట, "అన్నయ్య ఈసారి దేన్ని చూసి జడుసుకున్నాడు?" అని.

ఆమెను పెళ్ళయిన రోజున ఆ బండి మీదే ఇంటికి తెచ్చుకున్నాడు బయూమీ. ముసుగు గాలికి ఎగిరి చక్రంలో పడకుండా నడుముకు తాడు కట్టాడు. హారన్‌తో మాట్లాడేవాడు. ఒక మోత బస్సువాడికి సలాము, ఇంకో మోత టాక్సీవాడికి తిట్టు, పొడుగ్గా లాగితే మేడ మీదున్న ఉమ్ సఫ్వత్ టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టాలని అర్థం. ఎక్కడైనా శవయాత్ర ఎదురైతే మాత్రం ఇంజను ఆపేసి, దిగి, బండి పక్కన నిలబడేవాడు. అదేమిటంటే, "పోయేవాడికి తొందరేం లేదు కదరా, మనకెందుకు" అనేవాడు. అంత దుడుకు మనిషిలో ఈ నిదానం ఎక్కణ్ణించి వచ్చేదో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఒక ఏడాది కొన్ని మార్పులు వచ్చాయి. దుకాణంలో సూదిలో దారం ఎక్కించమని వచ్చినవాళ్ళ చేతికి ఇచ్చేవాడు. దూరం నించి చెయ్యి ఊపితే పలికేవాడు కాదు, మాట వినబడ్డాకే "ఓ నువ్వా" అనేవాడు. ఒంట్లో షుగరు ఉందని అందరికీ తెలుసు, బస్బూసా మిఠాయి పళ్ళెం కనబడితే ఆ సంగతి ఆయనకే తెలియదు. ముసలితనం అనుకున్నాం. మాకూ వస్తోంది కదా.

నవంబరులో చీపురు గాలివాన వచ్చి వెళ్ళింది. మా సముద్రం మీది తుఫానులకు పేర్లుంటాయి, అన్నిటినీ ఊడ్చిపారేస్తుంది కాబట్టి దీనికి ఆ పేరు. ఆ వెంటనే వచ్చిన శుక్రవారం బయూమీ కింద నిలబడి హారన్ కొట్టాడు.

"ఇవాళ కార్నిష్ కాదు. అమరీయా పోదాం" అన్నాడు.

"అంత దూరం ఎందుకు?"

"అక్కడ పాత ఇనుము అమ్మే ఆయన దగ్గర దొరకి సరిపోయే దీపం ఉందంట. వీడి కన్ను మసకబారిందిరా. సాయంత్రమైతే రోడ్డే ఆనట్లా."

"నువ్వు సాయంత్రం ఇంట్లో ఉంటే వాడి కన్నుతో పనేముంది?"

"ముసలమ్మలా సణక్కు, ఎక్కు."

ఎక్కాను. దీపం దొరికింది, మంచిదే. దాన్ని నా ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణమయ్యాం. మెక్స్ దగ్గరకు వచ్చేసరికి రోడ్డు సన్నని పట్టీలా ఉంటుంది. ఎడమవైపు తోళ్ళ కార్ఖానాల గోడలు, ఆ గోడల వెనక ఎక్కడో సముద్రం. కుడివైపు రోడ్డుకు ఆనుకునే మరియూత్ చెరువు. వాన వెలిసిన ఎండలో చెరువు అద్దంలా మెరుస్తోంది. ఒకతను పడవలో నిలబడి గెడ వేసుకుంటూ పోతున్నాడు. నేను కాసేపు భయం మర్చిపోయి అతన్నే చూశాను.

తల తిప్పేసరికి ఎదురుగా లారీ. రెల్లు మోపులతో మిద్దెలా ఉంది. గాడిద బండిని దాటబోయి మా దారిలోకి పూర్తిగా వచ్చేసింది. చెరువు పక్కన ఖాళీ ఉంది, దిగిపోతే చాలు. జారబోయిన దీపాన్ని అప్పుడే రెండు చేతులతో పట్టుకున్నాను కాబట్టి భుజం నొక్కలేదు. నోటితోనే "నీళ్ళు" అని అరిచాను.

బయూమీ ఎడమకు తిప్పాడు.

లారీ మొహం మీదుగా అడ్డంగా పోయాం. దాని వేడి నా మోకాలికి తగిలింది. ఏం జరిగిందో తెలిసేసరికి రోడ్డుకి అవతల ఉప్పు కుప్పలో ఉన్నాం. దొర పక్కకు పడి చక్రం తిప్పుకుంటున్నాడు. దీపం పగిలింది. నా ఒక బూటు కనబడలేదు. బయూమీ మోచెయ్యి చెక్కుకుపోయింది. లారీవాడు ఆపకుండానే తల బయట పెట్టి, "చావడానికి ఇంకో రోడ్డు దొరకలేదా ముసలాళ్ళూ" అని అరుచుకుంటూ పోయాడు.

"నీకేమన్నా మతిపోయిందా?" అన్నాను. "నీళ్ళు అన్నాను కదా."

"నీళ్ళు అన్నావు, నీళ్ళవైపే తిప్పా" అన్నాడు బయూమీ, మోచేతి మీది ఉప్పు దులుపుకుంటూ. "సముద్రం ఇటేగా."

"సముద్రం గోడల వెనక ఎక్కడో ఉంది. నీళ్ళు అటు."

"ఏ నీళ్ళు?"

ఆయన తల తిప్పి చూశాడు. రోడ్డు దాటితే చెరువు. పడవతను గెడ ఆపి మాకేసే చూస్తున్నాడు. బయూమీ చెరువు వైపు చూస్తూనే ఉన్నాడు, మొహంలో ఏ మార్పూ లేదు. కళ్ళున్నవాడు నేను నీళ్ళనగానే ఎదురుగా మెరిసే నీళ్ళలోకి పోయేవాడు. ఈయన అలెగ్జాండ్రియావాడిలా బుర్రలో ఉన్న సముద్రం వైపు పోయాడు.

"బయూమీ, ఆ పడవలో ఎంతమంది ఉన్నారో చెప్పు" అన్నాను.

ఆయన ఉప్పు కుప్ప మీద చతికిలబడ్డాడు. "పడవ ఉందా?" అన్నాడు.

ఎడమ కన్ను పోయి ఏడాది దాటిందిట. కుడి కంటికి పాలగుడ్డ కప్పినట్టు ఉంటుందిట. డాక్టరు చేతులెత్తేశాడు, షుగరు తినేసిన కంటికి కళ్ళజోడు ఏం చేస్తుంది. ఇంట్లో చెప్పలేదు. మరి బండి ఎలా నడుపుతున్నావురా అని అడిగితే, తప్పు చేసిన కుర్రాడిలా మొహం పెట్టాడు.

"నువ్వున్నావుగా వెనక" అన్నాడు. "పిరికివాడు దూరం నించే చూస్తాడు. నీ వేళ్ళు బిగిస్తే బ్రేకేస్తా. ఎటు గుచ్చితే అటు జరుగుతా. నువ్వు ఊపిరి వదిలితే స్పీడు పెంచుతా. ఏడాది నించి నడుపుతున్నది నువ్వేరా."

నేను ఆయన్ని చెడతిట్టాను. నా తల్లి, తండ్రి, ట్రాము కంపెనీ నేర్పిన తిట్లన్నీ తిట్టాను. ఏడాదిపాటు నేను కేవలం భయపడుతున్నానని అనుకున్నాను, ఈయన నా చేత బండి నడిపించాడు. నా వేళ్ళు ఒక్కసారి ఆలస్యమై ఉంటే? నాకు తుమ్మొచ్చి ఉంటే? ఆయన అన్నీ విని, "తిట్టడం అయిపోతే ఒట్టెయ్. అబుల్ అబ్బాస్ మీద ఒట్టు, ఉమ్ సఫ్వత్‌కి చెప్పనని" అన్నాడు. మసీదు పేరెత్తాక నేనేం చెయ్యను. వేశాను.

దొరని ఇంకెవరూ నడపలేరు, రోడ్డు మీద వదిలెయ్యనూ లేం. మళ్ళీ ఎక్కాం. ఈసారి ఇద్దరికీ తెలుసు. ఆ దారంతా నేనే నడిపాను, ఆయన చేతులతో. బాకోస్ చేరి దిగి, దుకాణం అరుగు మీద కూలబడ్డాను. బయూమీ మాత్రం హుషారుగా ఉన్నాడు. "చూశావా, ఎంత బాగా నడిపావో" అన్నాడు.

ఆ చలికాలం నా బతుకు బతుకు కాదు. వెనక కూర్చుంటే ఆయన చేసే పాపంలో నాకూ వాటా. కూర్చోకపోతే ఒక్కడే పోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక శుక్రవారం జ్వరమని అబద్ధం చెప్పి దుప్పటి ముసుగేశాను. కింద హారన్ మోగి మోగి ఆగింది, ఆపైన ఇంజను శబ్దం దూరమైంది. చెప్పుల్లేకుండా మెట్లు దిగి పరిగెత్తాను. వీధి చివర ఆగి ఉన్నాడు, మొహం ఇటే తిప్పుకుని. "జ్వరం తగ్గిందా?" అన్నాడు. ఇంకోసారి స్పార్క్ ప్లగ్గు విప్పేసి జేబులో వేసుకున్నాను. ఆయన చేతితో తడిమి, నవ్వి, ఇంకోటి బిగించుకున్నాడు. డ్యూటీలో ఉన్నప్పుడు ట్రాము ముందు నించి ఏ మోటార్ సైకిలు దాటినా దొరేమోనని తొంగి చూసేవాణ్ణి. బాకోస్ స్టాపులో ఎక్కినవాళ్ళు ఎవరైనా గట్టిగా మాట్లాడుకుంటుంటే చెవులు రిక్కించేవాణ్ణి, ఏ వార్త మోసుకొచ్చారో అని. ఆయన పోతాడన్న భయం ఒకటి. దారిలో ఎవరి బిడ్డనో తీసుకుపోతాడన్న భయం దానికంటే పెద్దది.

ఒకరోజు ఉమ్ సఫ్వత్ కూరల బుట్టతో నా ట్రాము ఎక్కి, నా వెనకే నిలబడింది.

"అన్నయ్యా, ఆయన టీ గ్లాసులో పోసుకోబోయి బల్ల మీద పోస్తన్నాడు. అడిగితే ఇంట్లో దీపాలు బాగాలేవంటాడు. బండి మీద బాగానే ఉంటన్నాడా?"

నేను ఊరికే గంట కొట్టాను. పట్టాల మీద ఎవరూ లేరు.

"మీరు వెనకాల ఉంటారు గనక సరిపోయింది" అంది ఆమె. "లేకపోతే నాకు కంటికి కునుకుండదు."

ఆమె దిగాల్సిన స్టాపు దాటించేశాను. ఆమె బుట్ట సర్దుకుని తర్వాతి స్టాపులో దిగింది.

ఇంతలో దేవుడు దారి చూపించాడనుకున్నాను. వసంతంలో బయూమీ లైసెన్సు గడువు తీరింది. కొత్తది రావాలంటే కంటి పరీక్ష ఉంటుంది. గోడ మీద అట్ట, అట్ట మీద ఒకవైపు తెగిన ఉంగరాలు. డాక్టరు కర్రతో ఒకదాన్ని చూపిస్తే, ఉంగరం ఎటు తెగిందో చెప్పాలి: పైన, కింద, కుడి, ఎడమ. ట్రామువాళ్ళం మాకు ఏటేటా ఈ గండం ఉంటుంది. బయూమీ తప్పకుండా తప్పుతాడు. నేను నోరు విప్పక్కర్లేదు, ఒట్టు తప్పక్కర్లేదు. లైసెన్సు లేకపోతే పోలీసులే బండి ఆపుతారు.

"నువ్వు వెనక నించో, చాలు" అన్నాడు బయూమీ, ముందు రోజు. "చెయ్యి నా భుజం మీద వెయ్యి. కుడైతే కుడి నొక్కు, ఎడమైతే ఎడమ. పైనైతే కాలరు లాగు. కిందైతే వీపు మీద తట్టు."

"అది మోసం."

"మరి ఇన్నాళ్ళూ చేసిందేంటి?"

సరేనన్నాను. మనసులో మాత్రం చేతులు జేబుల్లోంచి తియ్యనని తీర్మానించుకున్నాను. రాత్రంతా ఆ తీర్మానాన్నే కావిలించుకుని పడుకున్నాను.

ఆ ఆఫీసులో జనం కిటకిటలాడుతున్నారు. బయూమీ పెళ్ళిళ్ళకు వేసుకునే కోటు వేసుకొచ్చాడు. మీసాలకు కొత్తగా రంగేశాడు, ఒకవైపు రంగు బుగ్గ మీదకు పాకింది, అది ఆయనకు తెలియదు. పేరు పిలిచారు. నేల మీద గీసిన తెల్ల గీత దగ్గరకు నేనే నడిపించాను. డాక్టరు, పాపం, పొద్దుటి నించీ చూసి చూసి విసిగిపోయిన మనిషి, తలెత్తకుండానే కర్ర ఎత్తాడు.

"చెప్పు."

బయూమీ చెప్పలేదు. ఎదురుగా ఉన్న గోడ వైపు నిటారుగా నిలబడ్డాడు. నాకు కనబడేది ఆయన వీపే. ముప్ఫై ఏళ్ళు గాలికి, వానకు, లారీలకు నాకూ మధ్య అడ్డు నిలిచిన వీపు అది. కోటు భుజాల దగ్గర వదులైంది. ఎప్పుడు చిక్కిపోయాడు ఈ మనిషి? భుజాలు కొంచెం వెనక్కి జరిగాయి, నా చెయ్యి కోసం. వెనక వరసలో ఎవడో విసుక్కున్నాడు. "వినబడలేదా హాజ్, పెద్దాయనా?" అన్నాడు డాక్టరు.

నా చెయ్యి జేబులోంచి దానంతటదే వచ్చింది. కుడి భుజం నొక్కాను.

"ఎడమ" అన్నాడు బయూమీ.

సరిగా తెలియలేదేమో అనుకున్నాను. డాక్టరు ఇంకోటి చూపించాడు. కాలరు పట్టి పైకి లాగాను.

"కింద."

మూడోది ఎడమ. గట్టిగా నొక్కాను.

"కుడి" అన్నాడు, తడుముకోకుండా.

డాక్టరు తలెత్తాడు. అట్ట చూశాడు, బయూమీని చూశాడు. "అన్నీ కచ్చితంగా తిరగేసి చెబుతున్నావు" అన్నాడు. "కనబడనివాడు గుడ్డెద్దు చేలో పడ్డట్టు చెప్పినా ఒక్కటైనా సరిపోతుంది. నీకు నాకంటే బాగా కనబడుతోంది. నాతో పరాచికాలా? ఊ, సంతకం పెట్టేస్తాను, పో."

డాక్టరు కలం మూత తీశాడు. ఈ బుర్ర తక్కువ పరాచికంతో లైసెన్సు వచ్చేస్తోంది.

"డాక్టరుగారూ, పెట్టకండి" అన్నాడు బయూమీ నెమ్మదిగా. "నాకు ఉంగరాలే కాదు, మీరూ కనబడట్లా. మీ గొంతుని బట్టి ఇటు తిరిగా. వెనకున్న నా తమ్ముడు సాయం చేస్తన్నాడు. వాణ్ణేం అనకండి, పిరికివాడు."

డాక్టరు నా చేతికేసి చూశాడు. అది ఇంకా బయూమీ భుజం మీదే ఉంది. కలం మూత పెట్టేసి, కాగితం పక్కకు పెట్టి, ఇంకెవరి పేరో పిలిచాడు.

బండి తోసుకుంటూ ఇంటికి నడిచాం. చెరో పక్కనా హాండిలు పట్టుకున్నాం. ఎండ కాస్తోంది. దొర బరువు అప్పుడు తెలిసింది.

"నేను సరిగ్గానే నొక్కాను కదరా" అన్నాను చివరికి.

"నొక్కావు."

"మరెందుకు తిరగేసి చెప్పావు?"

బయూమీ ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నీ చెయ్యి వణకలా రుష్దీ. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. రోడ్డు మీద నీ చెయ్యి ఆకులా అల్లాడేది, అది నాకు ధైర్యం. ఇవాళ రాయిలా ఉంది. వీడు భయపడ్డం మానేశాడు అనుకున్నా. ఇంక మనిద్దర్లో చూసేవాడెవడు? ఎవణ్ణో చంపేస్తాంరా."

ఇంటికి వెళ్ళగానే ఉమ్ సఫ్వత్‌ని కూర్చోబెట్టి ఆయనే అంతా చెప్పాడు. ఆమె ఏడవలేదు. ముసుగు కొంగుతో ఆయన బుగ్గ మీది రంగు తుడిచి, "నాకు తెలుసు" అంది. ఆ తర్వాత నన్ను ఒక చూపు చూసింది. ఆ చూపు గురించి ఎవరైనా అడిగినా చెప్పను.

షుగరు కళ్ళతో సరిపెట్టుకోలేదు, కాళ్ళలోకి దిగింది, మూత్రపిండాల్లోకి పోయింది. దొరని ఇంటి వాకిట్లో స్టాండు మీద నిలబెట్టాం. శుక్రవారాలు నేను మామూలుగానే వెళ్ళేవాణ్ణి. ఒకరోజు బయూమీ గోడ పట్టుకుంటూ వచ్చి, ముందు సీటు ఎక్కి, కిక్ కొట్టాడు. "ఎక్కు" అన్నాడు. నిలబడ్డ బండి ఎక్కడానికి నాకేం భయం. ఎక్కాను.

"ఎక్కడున్నాం?" అన్నాడు.

"మీ వాకిట్లో."

"తంతా. ఎక్కడున్నామో చెప్పు."

అప్పుడర్థమైంది. గొంతు సవరించుకుని, క్లియోపాత్రా స్టాపు దగ్గర కార్నిష్ ఎక్కాం అని చెప్పాను. గాలి ఎక్కువగా ఉందని, అలలు గోడ దాటుతున్నాయని చెప్పాను. ఆయన గేరు మార్చినట్టు కాలు కదిపాడు. మేడ మీద నించి ఉమ్ సఫ్వత్ చూస్తోంది. పక్కింటివాళ్ళు నవ్వి ఉంటారు, నవ్వుకోనీ. ఇంజను వేడెక్కేదాకా పోయేవాళ్ళం. వేడెక్కగానే మందరా దగ్గర టీ తాగుదామని ఆపించేవాణ్ణి. ఉమ్ సఫ్వత్ చక్కెర లేని టీ తెచ్చేది.

ఎండాకాలం చివరికి ఆయన కిక్ కొట్టలేకపోయాడు. నేను కొట్టడం నేర్చుకున్నాను. ఆ శుక్రవారం ఆయన్ని నేనూ ఉమ్ సఫ్వత్ పట్టుకుని సీటు మీద కూర్చోబెట్టాం. కాలికి కట్టు ఉంది. వెనక కూర్చుని భుజాల మీద చేతులు వేస్తే చొక్కా కింద ఎముకలే తగిలాయి. ఒళ్ళు కాలిపోతోంది. మెడ మీద చర్మం పసుపుపచ్చగా ఉంది. నేను సీదీ బిష్ర్ దాటామని చెప్పాను, ఎవరో వలలు ఆరేశారని చెప్పాను, ఆపైన ఏం చెప్పాలో తోచలేదు. చేతులు వణకడం మొదలెట్టాయి. ఆపుకుందామంటే ఆగలేదు.

ఆయన తల కొంచెం వెనక్కి వాల్చాడు.

"రుష్దీ, భయమేస్తోందా?"

"వేస్తోంది" అన్నాను.

"మంచిది. అయితే ఇంకా రోడ్డు మీదే ఉన్నాం" అన్నాడు. "ముందేముందో చెప్పు."

నేను ఆయన మెడ మీదుగా వాకిలి గోడకేసి చూశాను.

"ఏమీ లేదు" అన్నాను. "దారంతా ఖాళీ."

బయూమీ వేగం పెంచాడు.